నాలుగో నంబరు స్వెట్టరు

బెర్గెన్‌డాల్, సస్కాచెవాన్
1998 మార్చి 9

అర్విడ్‌కి,

మీ అక్క బాగానే ఉంది. మోకాళ్ళ సంగతి అడక్కు, అవి నా మాట వినడం మానేసి రెండేళ్ళయింది. మరదలు డోరీన్ ఎలా ఉంది? మీ పోర్ట్ అల్బెర్నీలో వాన ఒక్క రోజైనా తెరిపి ఇచ్చిందా?

అసలు సంగతికి వస్తాను. మన మంచు హాకీ రింక్‌ని పడగొట్టేస్తున్నారు. దూలాలు పుచ్చిపోయాయని, మరో చలికాలం మంచు బరువు మోయలేవని ఇన్‌స్పెక్టర్ రాసిచ్చాడు. ఏప్రిల్‌లో కూల్చేస్తారు. కొత్త రింక్‌ని మనమూ జోరియా వాళ్ళూ కలిసి కట్టుకుంటున్నాం. ఎక్కడనుకున్నావు? జోరియాలో! ఏభై ఏళ్ళు ఎవరి ముక్కు పగలగొట్టాలని చూశామో వాళ్ళ ఊరికే పిల్లల్ని పంపాలి. నాన్న ఉంటే అన్నం మానేసేవాడు.

మన పాత సామానంతా మూతపడిన బడిలో ఒక గదిలో పెట్టుకోమన్నారు. జూలై ఒకటిన తెరవాలి. ఆ పని నా నెత్తిన పడింది. పడింది అని ఊరికే అంటున్నాను గానీ, వేరే ఎవరైనా చేస్తానంటే వాళ్ళ కాళ్ళు విరగ్గొట్టి ఉండేదాన్ని. ఇప్పటికి ఏం వచ్చాయంటే, నేల మీద నీళ్ళు పోసి మంచు గట్టిపరిచే పీపా, ఆట మొదలైందని కొట్టే ఆవుగంట, విరిగిన కర్రలు పదకొండు, ఎవరివో తెలియని పళ్ళు రెండు. (పళ్ళు పెట్టనని చెప్పాను. మగవాళ్ళంతా పెట్టాల్సిందే అంటున్నారు.) ఇవి కాక నా స్కోరు పుస్తకాలు నలభై ఒకటి. ఇరవయ్యో ఏట ఆ పెట్టెలాంటి గదిలో కూర్చుని రాయడం మొదలుపెట్టాను, అరవై దాటాక లేచాను. ఎవరి గోలు, ఎవరి ఫౌలు, ఏ నిమిషం అన్నీ ఉన్నాయి. ఒక్క అక్షరం తప్పుండదని పందెం కడతాను.

ఒకటి మాత్రం తక్కువైంది. 1952 ఫైనల్లో అన్నయ్య వేసుకున్న నాలుగో నంబరు స్వెట్టరు. రిఫరీని కొట్టి మూడు ఆటల నిషేధం తెచ్చుకుని నువ్వు ఆడలేకపోయావే, ఆ ఫైనలే. జోరియా మీద మనం మూడు-రెండుతో గెలిచింది. మూడో గోలు అన్నయ్యది. ఇన్నేళ్ళలో మన ఊరికి వచ్చిన కప్పు అదొక్కటే. స్వెట్టరు గురించి బెరిల్ వదినని అడిగితే, "చనిపోవడానికి రెండేళ్ళ ముందే అర్విడ్‌కి పోస్టులో పంపేశాడు కదా, నీకు తెలీదా?" అంది. నాకెవరు చెప్పారు గనక? వెంటనే పంపు.

ఆ గోలు పడిన క్షణాన పత్రికవాడు తీసిన ఫోటో కాపీ దీంతో పెడుతున్నాను. మా వంటింట్లో నలభై ఆరేళ్ళుగా వేలాడుతున్నదే. వెనకనుంచి తీసినా సరే, ఆ భుజాలు చూస్తే చాలు, అన్నయ్యని గుర్తుపట్టడానికి నాకు మొహం అక్కర్లేదు.

ఆశీస్సులతో,
సిగ్నే

*

పోర్ట్ అల్బెర్నీ
1998 మార్చి 21

అక్కా,

నీ ఉత్తరం తడిసిపోయి వచ్చింది. దాన్నిబట్టి వాన సంగతి నువ్వే అర్థం చేసుకో. డోరీన్ బాగానే ఉంది. గోడల మీద నాచుతో యుద్ధం చేస్తోంది, ప్రస్తుతానికి నాచే గెలుస్తోంది. కాగితం మిల్లు వాళ్ళు నాకు వీడ్కోలు విందు ఇచ్చి గడియారం చేతికిచ్చారు. ఇక పొద్దున్నే లేవాల్సిన పని లేదని గడియారం ఇచ్చేవాళ్ళని వీళ్ళనే చూశాను.

రింక్ పడగొడుతున్నారంటే దిగులేసింది. ఆ మూలన కట్టెల పొయ్యి ఉన్న గది, తడి ఉన్ని మాడిన వాసన... మన వాళ్ళు అది కూడా ఏదైనా సీసాలో పట్టి పెట్టగలిగితే బాగుండు.

నీ గదికి నా వంతు వేరే పార్సిల్లో పంపుతున్నాను. నా పాత స్కేట్లు, మోకాలి కింద కట్టుకునే రెండు దుకాణం క్యాటలాగు పుస్తకాలు. చిన్నప్పుడు తొడుగులు కొనడానికి లేక మనమంతా అవే కట్టుకున్నాం కదా. ఎడమ కాలిది పొలం పనిముట్ల భాగం, కుడి కాలిది ఆడవాళ్ళ లోదుస్తుల భాగం. దెబ్బలన్నీ కుడికాలికే ఎందుకు తగిలేవో ఇప్పుడు తెలిసిందా?

స్వెట్టరు ఎక్కడో ఉండాలి. ఇల్లు మారినప్పుడు డోరీన్ ఎక్కడ సర్దిందో ఏమో. చిమ్మెటలు కూడా కొట్టి ఉంటాయి. వెతుకుతాను గానీ, దాని కోసం పని ఆపుకోకు. ఆ ఫోటో కూడా పెట్టక్కర్లేదేమో, మసకగా ఉంది. ఫైనల్ గురించి అంత హంగామా ఎందుకు? ఎన్ని మంచి ఆటలు లేవు.

మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

నీ తమ్ముడు,
అర్విడ్

*

బెర్గెన్‌డాల్
1998 ఏప్రిల్ 6

ఒరే అర్విడ్,

అబద్ధం ఆడితే అతికినట్టుండాలి. నీ ఉత్తరం రాగానే డోరీన్‌కి ఫోను చేశాను. పాపం ఆ పిల్లకి నీలా వంకర మాటలు రావు. "స్వెట్టరా? దేవదారు పెట్టెలో పలచ కాగితంలో చుట్టి ఉంది వదినా. ప్రతి ఫిబ్రవరిలో తీసి చూసుకుంటాడు, మళ్ళీ పెట్టేస్తాడు. నన్ను ముట్టుకోనివ్వడు" అంది. చిమ్మెటలు కొట్టాయా? సిగ్గులేదూ!

నేను ఒక మాట సూటిగా అంటాను, కోపం తెచ్చుకుంటే తెచ్చుకో. అన్నయ్య మీద నీకు ఇంకా ఏడుపు పోలేదు. ఆ రోజు అతను గోలు కొట్టాడు, నువ్వు నీ చేతి దురుసువల్ల నీళ్ళ బక్కెట్టు మోసుకుంటూ గట్టు మీద ఉండిపోయావు. ఊరంతా అతన్ని భుజాలమీద మోశారు. రెండు నెలలు తిరక్కుండా నువ్వు ఊరు వదిలి ఆ వాన కొంపకి పోయావు. మళ్ళీ ఎప్పుడొచ్చావు? అమ్మ పోయినప్పుడు, నాన్న పోయినప్పుడు, అన్నయ్య పోయినప్పుడు. మనుషులు బతికుండగా రావాలనిపించదా నీకు? అన్నయ్య ఆ స్వెట్టరు నీకెందుకు పంపాడో నాకు అర్థం కాలేదు గానీ, నీ మనసు మెత్తబడుతుందేమోనని పంపి ఉంటాడు. నువ్వేమో చచ్చినవాడి గొప్పని కూడా పెట్టెలో పెట్టి తాళం వేశావు.

స్వెట్టరు పంపినా పంపకపోయినా ఫోటో మాత్రం పెద్దది చేయించాను, తలుపంత ఉంది. కింద "హల్వర్ ఓసెన్ గెలుపు గోలు" అని అక్షరాలు రాయిస్తున్నాను. అన్నయ్య అంత్యక్రియలకి చర్చిలో నేను చెప్పిన కథే దాని పక్కన పెడతాను. నువ్వూ ముందు వరసలో కూర్చుని విన్నావుగా. తలుపు తెరవడానికి ఎవరిని పిలిచామో తెలుసా? జోరియా గోల్‌కీపర్ వాసిల్ డ్యాచుక్‌ని. పాపం, ఆ గోలు తిన్నవాడే. రెండు ఊళ్ళూ ఒకటవుతున్నాయి కదా, అతనే రావాలని పట్టుబట్టాను.

రింక్ పైకప్పు సగం దింపేశారు. వెళ్ళి చూడలేకపోయాను.

సిగ్నే

*

పోర్ట్ అల్బెర్నీ
1998 ఏప్రిల్ 19

అక్కకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది కూర్చుని చదువు.

ఫిబ్రవరిలో ఆ ఫైనల్ రోజు మైనస్ ముప్ఫై నాలుగు డిగ్రీలు. మన రింక్‌లో బయటకంటే లోపలే చలి అని అందరం నవ్వుకునేవాళ్ళం గుర్తుందా? అందరూ కనుబొమల దాకా ఉన్ని టోపీ, ముక్కు మీదికి మఫ్లరు. కళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు. మూడు భాగాల ఆటలో రెండో భాగం చివర అన్నయ్యని వాళ్ళ డిఫెన్సువాడు చెక్కగోడకేసి కొట్టాడు. నువ్వు ఆ ఫౌలు కూడా రాసే ఉంటావు. గదిలోకి వచ్చేదాకా నడిచాడు, వచ్చాక పొయ్యి పక్కన కూలబడి వాంతి చేసుకున్నాడు. "ఒరే, పొయ్యిలు రెండున్నాయేంట్రా ఇక్కడ?" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత నన్ను చూసి కూడా "మీరిద్దరెవరు?" అన్నాడు. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

మనకి ఉన్నదే నాతో కలిపి తొమ్మిదిమంది. స్కోరు రెండు-రెండు. ఎవరు ముందు అన్నారో ఇప్పుడు చెప్పలేను, ఎవరూ అనలేదేమో కూడా. స్వెట్టరు విప్పింది అన్నయ్యే. "ఎత్తు ఒకటే కదరా, తల దించుకుని ఆడు" అన్నాడు. నా మీద నిషేధం ఉంది. దొరికితే కప్పు పోతుంది, జట్టు మీద కూడా నిషేధం పడుతుంది. అయినా వేసుకున్నాను. పంతొమ్మిదేళ్ళు అక్కా నాకు. ఆడమంటే నిప్పుల్లోనైనా దూకేవాణ్ణి.

ఆ గోలు నాది.

ఆట అయిపోగానే గదిలోకి పరిగెత్తి స్వెట్టరు మళ్ళీ అన్నయ్యకి తొడిగాం. ఇద్దరు రెక్కలు పట్టుకుని బయటికి నడిపించారు. జనం అతను ఆనందంతో తూలుతున్నాడనుకున్నారు. అప్పుడే నాన్న వచ్చాడు. మనలో ఎవరినీ ఎప్పుడూ దగ్గరికి తీసుకోని మనిషి, అందరి ముందూ అన్నయ్యని కౌగిలించుకుని నుదుటిమీద ముద్దుపెట్టాడు. నేను బక్కెట్టు పట్టుకుని వెనకే ఉన్నాను. నాకు ఏడుపొచ్చింది. మంచులో ఏడిస్తే రెప్పలు అతుక్కుపోతాయని అప్పుడే తెలిసింది.

తొమ్మిదిమందిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. అన్నయ్య స్వెట్టరుతో పాటు చిన్న చీటీ పెట్టాడు. "ఇది నీది. సిగ్నేకి నువ్వు చెప్పు, నావల్ల కావడం లేదు" అని. నావల్లా కాలేదు. ఇప్పుడు ఫోటో తలుపంత చేయించానన్నావు గనక చెబుతున్నాను.

అన్నయ్య మీద నాకు ఏడుపేమీ లేదు.

అర్విడ్

*

బెర్గెన్‌డాల్
1998 మే 3

అర్విడ్,

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళి ఫోటో చూశాను. కర్ర ఎడమవైపు ఉంది. అన్నయ్య కుడిచేతి వాటం, నువ్వు ఎడమచేతి వాటం. నలభై ఆరేళ్ళు ఆ ఫోటో కింద బంగాళాదుంపలు తరిగాను. గుడ్డిదానికైనా కనపడేది.

నేను తల ఎత్తలేదు ఆ రోజు. వేళ్ళు కొంకర్లు పోయి పెన్సిలు జారిపోతే కిందకి వంగాను. లేచేసరికి జనం అరుస్తున్నారు. "ఎవరిది?" అని అడిగితే రిఫరీ నాలుగు వేళ్ళు చూపించాడు. అదే రాశాను. చూడకుండా రాసిన గోలు నా జన్మలో అదొక్కటే.

అది కాదు నా కోపం. నన్ను చర్చిలో అబద్ధం చెప్పనిచ్చావు. పాస్టరు ముందు, శవపేటిక ముందు, పిల్లల ముందు ఆ గోలు గురించి పది నిమిషాలు చెప్పాను. నువ్వు తల వంచుకుని కూర్చున్నావు, దుఃఖమనుకున్నాను.

నాకు ఎందుకు చెప్పలేదు? వేరేవాళ్ళకి దాచడం నాకు అర్థమవుతుంది. నాకెందుకు చెప్పలేదు?

ఇంకో మాట కూడా ముందే చెబుతున్నాను. తెలిశాక నేను దీన్ని దాచలేను. తప్పని తెలిసిన పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టి, వాసిల్ డ్యాచుక్ చేత రిబ్బను కత్తిరించలేను.

సిగ్నే

*

పోర్ట్ అల్బెర్నీ
1998 మే 14

అక్కా,

నీకు చెబుదామనే వచ్చాను. ఫైనల్ అయిన రాత్రే వచ్చాను. మీరంతా భోజనం బల్ల దగ్గరున్నారు. నువ్వు పెన్సిలు రాతమీద సిరాతో దిద్దుతున్నావు. నాన్న పక్కన నిలబడి చూస్తున్నాడు. "నాన్నా, ఈ పుస్తకం ఎవరైనా ఎప్పుడైనా తీసి చూసుకోవచ్చు. ఇందులో ఉన్నదే జరిగింది" అన్నావు. నాన్న నీ నెత్తిమీద చెయ్యి పెట్టాడు. ఊళ్ళో ఆడపిల్లకి ఆ పెట్టెగదిలో ఏం పని అని సగంమంది సణుగుతున్న రోజులవి. నీ పుస్తకం తప్పని నేనెలా చెప్పను? చెబితే దిద్దకుండా ఊరుకోవు. దిద్దితే కప్పు పోతుంది, అన్నయ్య పరువు పోతుంది, నీ ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే రోజూ నీ మొహం చూడాలి. చూడలేక వచ్చేశాను. అంతకంటే పెద్ద కారణం లేదు.

ఒక్కటే అడుగుతాను. వద్దు అక్కా. ఊరికి ఉన్నది ఆ కప్పొక్కటే. బెరిల్ వదిన ఇంకా ఆ ఊళ్ళోనే తిరగాలి. జోరియా వాళ్ళతో పిల్లలు కలిసి ఆడాలి. వాళ్ళంతా మనల్ని దొంగలంటే? నాకు ఆ గోలు అక్కర్లేదు. నిజంగా అక్కర్లేదు.

స్వెట్టరు మాత్రం పంపుతున్నాను. దాన్ని ఇంకా నేను ఉంచుకుంటే బేరమాడుతున్నట్టే ఉంటుంది. ఏం రాయాలో నీ ఇష్టం. ఎలా రాసినా నీ తమ్ముణ్ణే.

అర్విడ్

(డోరీన్ పక్కనుంచి చదివి, "అక్కర్లేదని రెండుసార్లు రాశావు, ఎవరు నమ్ముతారు?" అంటోంది. పోస్టులో వేసే ముందు చింపుదామనుకున్నాను. చింపలేదు.)

*

బెర్గెన్‌డాల్
1998 జూలై 5

తమ్ముడూ,

నీ ఉత్తరం అందాక ఏడు వారాలు నీకు రాయలేదు. ఫోను మోగినా ఎత్తలేదు. నువ్వు వద్దంటే ఆగిపోతానేమోనని భయమేసి అలా చేశాను, మరేం లేదు.

ముందు బెరిల్ వదిన దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తెలియకుండా ఒక్క మాట కూడా బయటికి రాకూడదనుకున్నాను. అంతా విని, కాఫీ పోసి, చాలాసేపు చక్కెర కలుపుతూ కూర్చుంది. "ఎవరైనా ఆ గోలు సంగతి ఎత్తితే లేచి కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. పొగిడితే సిగ్గుపడే మనిషిని చేసుకున్నానని మురిసిపోయాను సిగ్నే. పిచ్చిదాన్ని" అంది. తర్వాత కాసేపు ఏడిచింది. నేనూ ఏడిచాను. "రాసెయ్, పాపం ఇప్పటికైనా కొట్టంలోంచి బయటికొస్తాడు" అంది.

జూలై ఒకటిన బడి ముందు రెండు ఊళ్ళ జనమూ కలిపి మూడొందలమంది. జోరియా ఆడవాళ్ళు బంగాళాదుంప కూరిన పైరోగీలు తెచ్చారు, మన వాళ్ళు బెర్రీ పైలు. ఎవరివి ముందు అయిపోతాయా అని ఓరకంట చూసుకుంటున్నారు, వైరం ఎక్కడికి పోతుంది! వాసిల్ డ్యాచుక్ కోటు, టై కట్టుకుని వచ్చాడు. అరవై తొమ్మిదేళ్ళు, కర్ర ఊతం, ముక్కు ఇంకా వంకరే.

కప్పుని బల్లమీద పెట్టాను, అడిగితే ఇచ్చెయ్యడానికి. స్వెట్టరు పక్కన వేలాడదీశాను. మైకు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. జోరియా వైపునుంచి ఒక ముసలావిడ "ఆ కప్పు ఇటు తెండి మరి!" అని అరిచింది. కొందరు అవునవునన్నారు. నీ మాటే నిజమవుతోందనుకున్నాను.

అప్పుడు వాసిల్ లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా ఫోటో దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వేలితో ఫోటోలోని ఆట కర్రమీద కొట్టాడు.

"ఎడమ చెయ్యి," అన్నాడు.

"అవును వాసిల్," అన్నాను.

"నా ముందు మావాళ్ళిద్దరు అడ్డం. కర్ర కనపడలేదు, రొమ్ముమీద నాలుగు ఒక్కటే కనపడింది. నాలుగంటే హల్వర్. హల్వర్ అంటే కుడిచెయ్యి. అందుకని ఇటు జరిగాను." ఆ ముసలాయన అందరి ముందూ చేతికర్ర పక్కన పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి ఎడమవైపుకి ఒక అడుగు జరిగి చూపించాడు. "కర్రతో కొట్టిన బిళ్ల అటునుంచి వచ్చింది. ఖాళీ గోలులోకి కొట్టినట్టు పోయింది. మా నాన్న అన్నాడూ, హల్వర్ ఓసెన్ గాడు గడ్డివాముని కూడా గురిచూసి కొట్టలేడు, వాడి చేతిలో గోలు తిన్నావు కదరా అని. చచ్చేదాకా అన్నాడు. పెళ్ళిలో అన్నాడు. నా కొడుకు ముందు అన్నాడు. ఎందుకలా అటు జరిగానో నాకే తెలియక, నలభై ఆరేళ్ళు కళ్ళు మూసుకుంటే చాలు అదే గోలు. సిగ్నే, నేను సరిగ్గానే నిలబడ్డాను!"

చివరి మాట అరిచాడు. కళ్ళమ్మట నీళ్ళు. ఆ కప్పు తెమ్మన్న ముసలావిడ గబగబా వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆవిడ అతని భార్యట. "నేనూ అన్నాను, నేనూ ఆటపట్టించాను" అంటూ తన స్కార్ఫుతో అతని మొహం తుడిచింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఏ ఊరివాళ్ళో చెప్పలేను, చూడలేదు. ఈసారి చూడకపోయినా పరవాలేదనుకున్నాను.

కప్పు సంగతి అడిగితే వాసిల్ మూత ఎత్తి లోపలికి చూసి, "మీ ఎలుకల వాసనొస్తోంది, మీరే ఉంచుకోండి" అన్నాడు. రెండు ఊళ్ళకీ ఉమ్మడిగా, కొత్త రింక్ గుమ్మంలో పెడదామని చివరికి తేలింది.

పుస్తకం దిద్దాను. అందరి ముందూ దిద్దాను. అన్నయ్య పేరు చెరపలేదు, రెండు భాగాలు అతను ఆడినవే కదా. మూడో గోలు దగ్గర మాత్రం అడ్డంగా ఒక్క గీత గీసి నీ పేరు రాసి పక్కన నా సంతకం పెట్టాను. నీ పేరు కాస్త వంకర వచ్చింది, సర్దుకో.

నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. అబద్ధం అతికినట్టు ఆడలేవన్నది మాత్రం ఉంచుకుంటాను. అంత దూరం వెళ్ళి నలభై ఆరేళ్ళు నా పుస్తకాన్ని కాపాడావు. పుస్తకం నాకు ముఖ్యమే. తమ్ముడు అంతకంటే ముఖ్యమని నీకు అప్పుడే చెప్పి ఉండాల్సింది, నాకు చెప్పడం రాలేదు. మన ఇంట్లో ఎవరికి వచ్చు గనక?

అక్టోబరు మొదటి శనివారం కొత్త రింక్‌లో మంచు పోస్తారు. ముసలివాళ్ళ ఆటతో మొదలుపెడదామని వాసిల్ పట్టు. గోలులో తనే నిలబడతాడట. అతని డాక్టరూ భార్యా వద్దంటున్నారు, వినడం లేదు. "అర్విడ్‌ని రమ్మను, ఒక్కసారి మొహం చూపించి కొట్టమను, ఆపుతాను" అన్నాడు. స్కోరు రాయడానికి నేను ఒప్పుకున్నాను.

డోరీన్‌ని తీసుకుని రా. పై గది మీ కోసం దులిపించాను. బయల్దేరే ముందు నీకు ఏ నంబరు కావాలో రాయి, స్వెట్టరు మీద నేనే కుడతాను. ఈసారి నిన్ను చూస్తూ రాస్తాను.

మీ అక్క,
సిగ్నే